మామ వెనుక నడక

మణుగూరు అవతలి ఊళ్ళన్నీ కలిసి ఖమ్మం కలెక్టరాఫీసు దాకా నడిచిపోదామనుకున్న ఏడాది, తండా నుంచి హేమ్లి కూడా బయలుదేరింది. అడవి కొట్టేసిన కొద్దీ వానలు వెనక్కి పోతున్నాయి, ఎండలు ముదురుతున్నాయి, మిగిలిన చెట్లనైనా ఉంచండని అడగడానికే ఆ నడక. హేమ్లి చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. కిందటి ఎండాకాలం ఆమె పెనిమిటి దస్రు చేలో వడదెబ్బ తగిలి పోయాడు. పక్క అడవి నరికేశాక తల దాచుకోను నీడ లేకపోయింది. ఆ మాట తన నోటితోనే చెప్పాలని ఆమె పట్టు.

చిక్కల్లా ఒక్కటే. అందరికన్నా ముందు జెండా పట్టుకుని నడిచేది ఆమె మామ మంగీలాల్. లంబాడీ ఇంటి కోడలు మామ ఎదుట ముసుగు తీయదు, మాట్లాడదు, చెప్పులు తొడగదు. అందుకని హేమ్లి చెప్పులు చంకలో పెట్టుకుని, కాలే తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడిచింది.

"ఏందే హేమ్లీ, చెప్పులను సంకనెత్తుకున్నవ్? నడిస్తే వాటికి కాళ్ళు నొస్తయా?" అంది పక్కన నడిచే గురవమ్మ. ఆమె భర్తది బొగ్గుబావిలో పని.

"మామ ఉన్నడక్కా."

"ఉంటే? జెండా చూస్తడా, నీ కాళ్ళు చూస్తడా?"

"ఎనక్కి తిరిగితే?"

"తిరిగితే నేను అడ్డముంట తియ్. నా అంత అడ్డం ఈ జిల్లాల ఉన్నదా?"

హేమ్లి ముసుగులోనే నవ్వింది గానీ చెప్పులు దించలేదు.

కొత్తగూడెం చేరేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కి పగిలాయి. మర్నాడు పొద్దున్నే, నడవలేనివాళ్ళను బస్సెక్కించి ఇళ్ళకు పంపుదామన్నారు పెద్దలు. హేమ్లి కాళ్ళు లంగా కిందికి లాక్కుంది. లేవబోయి తూలింది. అందరూ చూశారు.

"ఈమెను పంపియ్యాల్సిందే" అన్నారెవరో.

అంతలో మంగీలాల్ అటు వచ్చాడు. కోడలి వైపు చూడలేదు. కొడుకు పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇద్దరూ చెరొక మూల కూర్చుని ఏడ్చారే గాని, ఒకరి బాధ ఒకరికి చెప్పుకునే దారి లేదు.

"గురవమ్మా," అన్నాడు, "నీ పక్కనున్న మనిషికి చెప్పు. చెప్పులేసుకొని నడవమను. నేనేమనుకోను. నా పిలగాడు ఎట్ల పోయిండో చెప్పబోతే నాకు గొంతు పూడుకపోతది. ఆమె వచ్చి చెప్పాలె."

"ఇన్నవా, నన్ను మల్ల చెప్పుమంటవా?" అంది గురవమ్మ.

హేమ్లి చెప్పులు కింద పెట్టింది. గురవమ్మ ఆమె బొబ్బలకు కొబ్బరినూనె రాసి, పాత చీర పీలికలు చుట్టింది. పైన చెప్పులు తొడుక్కుని, వరసకు వెనకబడినా ఆగకుండా నడిచింది హేమ్లి.

ఖమ్మంలో ఆఫీసు ముందు మైకు ఆమె దాకా వచ్చింది.

"మా ఇంటాయన ఎండకు పోయిండు సారూ. నీడ ఉంటే బతికెటోడు. ఉన్న చెట్లు కొట్టకుండ్రి."

అంతే. చూస్తామన్నాడు ఆఫీసరు. చూస్తాడో లేదో ఎవరికి తెలుసు? అయినా హేమ్లికి రొమ్ము మీది బండ ఎవరో దించినట్టయింది.

బయట టీకొట్టు దగ్గర గురవమ్మ గ్లాసు అందించింది. దస్రు పోయాక ఎవరన్నా పెడితే తినడం, లేకుంటే లేదన్నట్టున్న మనిషి, ఊదుకుంటూ మొత్తం తాగేసింది.

"అక్కా, ఇంకొక చాయ్ చెప్పవా?" అంది.