వెనెతా తీసేసిన రీస్టార్ట్

వెనెతాకు కోపమొస్తే స్లివెన్ ఊరి కొండగాలి కూడా ఓ క్షణం ఆగి, "ఎవరి మీదమ్మా?" అని కనుక్కుని మరీ వీస్తుంది. నమ్మనివాళ్ళు ఆ మంగళవారం ఆమె ఆఫీసులో లేరు.

ఒక ప్రైవేటు అంబులెన్స్ సంస్థకు బళ్ళెక్కడున్నాయో చూపే మ్యాపును ఆమె పనిచేసే చిన్న కంపెనీ నడుపుతుంది. ఆ మ్యాపు మెమరీ మింగీ మింగీ పడకేసేది. యజమాని రంగెల్ కనిపెట్టిన వైద్యం ఒక్కటే: ఆరుగంటలకోసారి దానంతటదే రీస్టార్ట్.

ఆ మధ్యాహ్నం రెండింటికి రీస్టార్ట్ కోసం తెర నల్లబడిన మూడు నిమిషాల్లోనే ఒక ముసలాయన కోసం కాల్ వచ్చింది. బండి పక్క వీధికి పోయింది. ముసలాయన బతకడం ఆయన అదృష్టం.

"డ్రైవరుకి దారెలా చెప్పనే? కాఫీ కప్పులో జాతకం చూసి చెప్పనా?" ఫోనులో అరిచింది అక్కడ బళ్ళు పంపే డిస్పాచర్ స్తోయ్నా.

"నన్ను తిట్టకు స్తోయ్నా అత్తా, రంగెల్‌ని తిట్టు!" అంది వెనెతా.

రంగెల్ తాపీగా చీజు పెట్టిన బనిత్సా నములుతూ, "నాలుగు గంటలకోసారి పెడదాంలే," అన్నాడు.

"చిల్లు పూడ్చకుండా నేల తుడుస్తూ కూర్చుంటావా?"

వెనెతా అప్పటికే చిల్లు పట్టుకుంది. స్తోయ్నా ఒక బండి కార్డు తెరుస్తుంది. వివరాలు వచ్చేలోపే మూసేస్తుంది. మూసేటప్పుడు ప్రోగ్రాం శుభ్రం చేసుకుంటుంది. ఆ తర్వాత అడిగిన వివరాలతో జవాబు తీరిగ్గా వచ్చి, బండి కదలికలు వినే లిజనర్లను, అంటే ప్రోగ్రాం చెవుల్ని, వందలకొద్దీ తగిలిస్తుంది. వాటిని ఊడదీసే నాథుడే లేడు. రెండింటికల్లా అలాంటి చెవులు నలభై ఒక్క వేలు!

"వీధిలో ముసలమ్మలందరికీ కలిపినా ఇన్ని చెవుల్లేవు, రంగెల్!"

కార్డు తెరిచిన క్షణమే ఆమె ఒక రద్దు సంకేతం పుట్టించింది. మూయగానే అది మోగుతుంది, తగిలించిన లిజనర్లు ఊడిపోతాయి. ఆలస్యంగా వచ్చిన జవాబు ముందు దాన్నే చూసి, రద్దయ్యిందంటే ఏమీ తగిలించకుండా పోతుంది.

"శుక్రవారం చూద్దాం. రీస్టార్ట్ ముట్టుకున్నావో, నీ ఉద్యోగం పోతుంది," అన్నాడు రంగెల్.

వెనెతా ఆ సాయంత్రమే మార్పు ఎక్కించి, రీస్టార్ట్ తీసేసింది. మర్నాడు స్తోయ్నా ఆఫీసుకెళ్ళి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండయ్యింది. తెర వెలుగుతూనే ఉంది. మెమరీ వాడకం చూపే గీత పైకి పోలేదు. అప్పుడే వచ్చిన కాల్‌కి స్తోయ్నా బండిని సరైన గుమ్మానికే పంపింది.

వెనెతా కోపం మాత్రం దిగలేదు. రంగెల్‌కి ఫోను చేసింది.

"రెండు దాటింది. మ్యాపు నడుస్తోంది. ఇప్పుడు తీసెయ్ నన్ను. కారణం మాత్రం కాగితం మీద రాసివ్వు, అంబులెన్స్ వాళ్ళకి స్తోయ్నా అత్త చదివి వినిపిస్తుంది."