ఉగ్గుగిన్నెడు నిద్ర

ఆ విమానంలో అందరికంటే బుద్ధిగా ఉన్నది నా బిడ్డే. మా ముందు సీట్లో ఒక చంటివాడు రబ్బరు బాతును పిసికి కీచుమనిపిస్తూ, అది కింద పడినప్పుడల్లా ఏడుస్తున్నాడు. వెనక ఎక్కడో ఇంకో పసిపిల్ల గొంతు పోయేలా కేకలు పెడుతోంది. నా ఒళ్లో పంతొమ్మిది నెలల పిల్ల మాత్రం నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. పక్క వరుసలో ఉన్న ఒకావిడ వంగి చూసి, "ఎంత మంచి పిల్లమ్మా! ఏం పెట్టి పెంచుతున్నవ్?" అన్నది. నేను నవ్వాను. కొత్తవాళ్లు ఎవరు పలకరించినా నాకు వచ్చే జవాబు అదొక్కటే.

మాది మెట్‌పల్లి పక్కన ఊరు. నా భర్త మస్కట్‌లో ఒక బేకరీలో పనిచేస్తాడు. బిడ్డ పుట్టిన నలభై రోజులకు వచ్చి, చూసి, వెళ్లాడు. ఆ తర్వాత తండ్రీబిడ్డలది ఫోన్లో పరిచయమే. మూడు నెలల విజిట్ వీసా వచ్చిందని తెలిసిన రోజు నుంచి నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. నేను విమానం ఎక్కడం అదే మొదలు. అదీ ఒక్కదాన్ని, ఒళ్లో పిల్లతో.

నోటితో చెప్పలేనివి నోట్‌బుక్కులో రాసుకోవడం నాకు ఎనిమిదో తరగతి నుంచి అలవాటు. మూడు వారాలు అదే పని చేశాను. ఫోన్లో చదివి, పుస్తకాల్లో వెతికి, పేజీలు నింపాను. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు చెవులు నొప్పి పుడతాయి కాబట్టి పాలు తాగించాలి. ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేయాలి, పల్లీలు అసలే వద్దు. గౌనుకు గుండీలు ఉండొద్దు. నేను ఆ గుండీలన్నీ కోసేసి నాడాలు కుట్టాను. సంచిలో స్టీలు గ్లాసు, చెంచా, చింపుకోవడానికి ఎర్ర కాగితాలు, బట్టబొమ్మ పెట్టాను. పిల్లకు ఇష్టమైన పీకబొమ్మను మాత్రం తీసేశాను. దాని చప్పుడుకు జనం విసుక్కుంటారని.

పిల్ల చేతి నల్లపూసలు కూడా విప్పేశాను. దారం తెగితే మింగుతుందని. నన్ను కన్న మా అవ్వకు అది నచ్చలేదు.

"దిష్టి పూసలు ఇప్పుతవా? అంతమంది నడుమ పోతున్న పిల్లకు?"

"మింగుతది అవ్వా."

"నువ్వు మింగినవా? ముగ్గుర్ని పెంచిన నేను. నాకు బుక్కులు సదువుడు రాదు గని, పిల్లలు బతికిండ్రు."

అవ్వ కోపం ఎంతసేపో ఉండదు. సాయంత్రానికి నా పక్కన కూర్చుని పసుపుకొమ్ములు ఏరుతూ, "ఇంకేం ఫికరే నీకు?" అని అడిగింది. నేను మనసులో మాట చెప్పేశాను.

"పిల్ల విమానంల ఏడిస్తే ఏం చెయ్యాలె? అందరు నన్నే చూస్తరు."

"చూస్తె చూడని. చూస్తె అరిగిపోతవా?" అని నవ్వింది. నవ్వు ఆపి నన్నే కొంచెంసేపు చూసింది. "నలుగుర్ల నీకు నోరు లేవది. నాకెర్కనే గద. చిన్నప్పుడూ గంతే. పసుపు చేను గట్టు మీద పండవెడితె పొద్దుమీకి చీకటి పడేదాక సప్పుడు చేయకపోదువు. నీ అసుంటి పిల్లను నేను చూడలే."

ఆ మాట అవ్వ వందసార్లు చెప్పింది నాకు. ప్రతిసారీ నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

పొద్దున ఆరింటికి కారులో బయలుదేరాం. అవ్వ, బాపు, నేను, పిల్ల. దారి పొడుగునా పిల్ల కిటికీ అద్దం కొడుతూ, బాపు తలపాగా లాగుతూ ఒకటే ఆట. పదిన్నరకు విమానాశ్రయం గేటు ముందు నిలబడ్డాం. టికెట్టు లేనివాళ్లు అక్కడే ఆగిపోవాలి. నేను పాస్‌పోర్టులు మూడోసారి వెతుక్కుంటుంటే అవ్వ పిల్లను తీసుకుంది.

"ఇటియ్యి, నేను గింత తాపుత. నువ్వు నీ కాయిదాలు చూసుకో."

ఒక స్తంభం పక్కన, మాకు వీపు పెట్టి కూర్చుంది. అవ్వ చేతిలో ఉగ్గుగిన్నె మెరవడం చూశాను. నేను పసిదాన్నిగా ఉన్నప్పుడు నాకు పాలు, కషాయాలు పోసిన ఆ చిన్న మూతిగిన్నెను నా బిడ్డ కోసం అంతదూరం తెచ్చిందని గుండె నిండిపోయింది. పిల్ల కాళ్లు తన్నుకోవడం కనబడింది. తర్వాత తన్నడం ఆపింది.

"గ్రైపు వాటర్ తాపిన, కడుపుబ్బది," అంటూ బట్టలో చుట్టిన చిన్న సీసాను నా సంచిలో దోపింది. "నడుమ లేస్తె ఇంకింత తాపు. పో బిడ్డా, ఆలస్యమైతది."

లోపల వరుసలో నిలబడ్డప్పుడే పిల్ల నా భుజం మీద తల వాల్చింది. పాస్‌పోర్టు చూసే ఆఫీసరు పిల్ల ముఖం చూపించమన్నాడు. గడ్డం పట్టి ఎత్తాను. చెయ్యి తీయగానే తల మళ్లీ పడిపోయింది, నీళ్లు నిండిన బుడగలా. ఆఫీసరు నవ్వి ముద్ర వేశాడు. నాకు హాయిగా అనిపించింది. సీట్లో కూర్చుని, పిల్లకు ఇచ్చిన చిన్న బెల్టును నా బెల్టుకు తగిలించి, నోట్‌బుక్కు తీసి రాశాను: "ఒకటి ఇరవై. ఇంకా లేవలేదు. అదృష్టం."

విమానం ఎగిరేటప్పుడు పాలసీసా నోట్లో పెట్టాను. పిల్ల చప్పరించలేదు. పాలు పెదవి పక్క నుంచి కారి మెడలోకి పోయాయి. తుడిచాను. నోటి దగ్గర ఏదో పుల్లటి వాసన. పాలు విరిగాయేమో అనుకున్నాను.

"రెండుంపావు. లేవలేదు."

అరికాలు గీకాను. అరికాలు గీకితే ఇంట్లో ఎంత నిద్రలోనైనా కాలు ముడుచుకుంటుంది. ఇప్పుడు కాలు నా చేతిలో ఎలా పట్టుకుంటే అలాగే ఉండిపోయింది. చెవిలో పేరు పెట్టి పిలిచాను. ఎవరికీ వినబడకుండా, చాలా మెల్లగా. గుండెల మీద చెయ్యి పెట్టి చూశాను. ఊపిరి ఉంది. కానీ ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నేను ఎదురుచూడాల్సి వస్తోంది. ఎయిర్ హోస్టెస్ రెండుసార్లు నా పక్క నుంచే పోయింది. రెండుసార్లూ నా నోరు తెరుచుకుంది. మాట రాలేదు. చివరికి నోట్‌బుక్కు తెరిచి, "రెండు యాభై. ఎవరినైనా పిలవాలి," అని రాశాను. రాసి, మూశాను. ఆ పేజీ ఇప్పుడు కూడా నా దగ్గర ఉంది. పిలవాల్సిన దాన్ని రాసి ఊరుకున్నాను.

కడుపు ఉబ్బరమేమోనని అవ్వ ఇచ్చిన సీసా గుర్తొచ్చింది. బట్ట విప్పి మూత తిప్పగానే బుస్సుమని నురగ పొంగి నా చీర మీద, పిల్ల గౌను మీద పడింది. ఆ వాసన నాకు తెలుసు. మా వాడలో ఎవరికి తెలియదు?

కిటికీ పక్క కూర్చున్నాయన అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్నాడు. జగిత్యాల దిక్కు మనిషి, మస్కట్‌లో మేస్త్రీ పని అని ఎక్కేటప్పుడు ఫోన్లో ఎవరితోనో చెప్తుంటే విన్నాను. లేచి సీసా వైపు చూశాడు.

"చెల్లే, గది కల్లు గాదు?"

తల ఊపాను.

"పిల్లకు తాపినవా?"

"మా అవ్వ తాపింది. నాకు చెప్పలే."

"చెట్టుదా, దుకాణందా?"

నాకు తెలియదు. మా దిక్కు ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. చెట్టు నుంచి దించిన కల్లు వేరు. దుకాణంలో నిద్రమాత్రల పొడి కలిపి అమ్మేది వేరు. దాన్ని మందు కల్లు అంటారు. ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. వెంటనే కాగితంలో ఉమ్మేశాడు.

"మందుదే. లేపు పిల్లను. ఇట్ల పండనియ్యకు. తాపి ఎన్ని గంటలాయె?"

"నాలుగైతున్నయి."

"ఓరి దేవుడా. బెల్లు కొట్టు, చెల్లే."

చెయ్యి పైకి ఎత్తాను. మీట దగ్గర ఆగింది. వాళ్లొచ్చి అడిగితే ఏమని చెప్పాలి? నా పసిపిల్ల కల్లు తాగిందని, ఇంతమంది వింటుండగా?

"నువ్వు సిగ్గువడితె పిల్ల దక్కది," అన్నాడాయన. గట్టిగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

నేను లేచి నిలబడ్డాను. బెల్టు నడుముకు పట్టుకుంటే విప్పుకున్నాను. "మా బిడ్డ లేస్తలేదు!" అని అరిచాను. అది నా గొంతని నాకే తెలియలేదు. ఇంకోసారి అరిచాను. "ఎవరన్నా రాండ్రి! మా బిడ్డ లేస్తలేదు!" విమానంలో తలలన్నీ తిరిగాయి. నేను జీవితమంతా భయపడింది ఆ చూపులకే.

ఎవరైనా డాక్టరు ఉన్నారా అని మైకులో అడిగారు. వెనక నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నా కంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. "ఏం తాగింది?" అని అడిగింది. "కల్లు. మందు కల్లు," అన్నాను, అందరికీ వినబడేలా. ఆమె ముఖం మారింది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టించి, గడియారం చూస్తూ ఊపిరులు లెక్కపెట్టింది. అయ్యాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"తక్కువుంది. నోట్లో ఏమీ పోయకు, పాలు కూడా వద్దు. లోతు నిద్రలోకి పోనివ్వొద్దు. దేనికి లేస్తుందో తల్లివి, నీకే తెలుస్తుంది. చెయ్యి."

కింద సముద్రం. వెనక్కి మళ్లినా అంతే దూరమట. అందుకని ముందుకే పోతున్నామని ఎయిర్ హోస్టెస్ వచ్చి చెప్పింది.

పిల్లను సప్పుడు లేకుండా ఉంచడానికి సర్దిన సంచిని పిల్లను లేపడానికి కుమ్మరించాను. చెంచాతో స్టీలు గ్లాసు మీద చెవి పక్కన కొట్టాను. ఎర్ర కాగితాలు పరపర చింపాను. చెవితమ్మె గిల్లాను. తడి బట్టతో ముఖం తుడిచాను. కనురెప్ప కొంచెం కదిలేది, మళ్లీ మూసుకునేది. "మీ బాపు మస్కట్‌ల ఎదురు చూస్తుండు బిడ్డా, లే," అని అరుస్తూనే ఉన్నాను. ముందు సీటు తల్లి వెనక్కి తిరిగి, కొడుకు చేతిలోంచి రబ్బరు బాతు లాక్కుని నాకిచ్చింది. వాడు గొల్లుమన్నాడు. నేను బాతును పిసుకుతూ పోయాను. ఇంట్లో వదిలేసి వచ్చిన పీకబొమ్మ గుర్తొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. ఎవరూ విసుక్కోలేదు. మూడు వందల మందిలా కనబడ్డ ఆ జనం ఆ కీచు శబ్దం ఆగకూడదన్నట్టు కూర్చున్నారు.

గంటకు పైగా అలాగే గడిచింది. డాక్టరమ్మ పెదవులు లెక్కతో కదులుతూనే ఉన్నాయి.

విమానం దిగడం మొదలైంది. నా చెవుల్లో గుబగుబమని నొప్పి లేచింది. అప్పుడే పిల్ల నుదురు ముడతపడింది. చెయ్యి మెల్లగా, ఎవరో దారం కట్టి లాగినట్టు, చెవి దగ్గరికి పోయింది. సన్నగా మూలిగింది. మళ్లీ మూలిగింది. ఆ తర్వాత కళ్లు తెరవకుండానే, నోరంతా తెరిచి ఏడ్చింది. దిగేటప్పుడు చెవి నొప్పికి ఏడవకుండా ఏం చేయాలో నేను రెండు పేజీలు రాసుకున్నాను. ఒక్కటీ చేయలేదు. చక్రాలు నేలను తాకేదాకా ఏడవనిచ్చాను.

అంబులెన్సు మెట్ల దగ్గరే ఉంది. బిడ్డను నా భర్త మళ్లీ చూసింది ఆసుపత్రి మంచం మీద, చేతికి సూదితో. రెండు రోజులు ఉంచుకుని, ప్రమాదం లేదన్నారు.

రెండో రోజు మధ్యాహ్నం అవ్వకు ఫోన్ చేశాను. నేను ఏమీ చెప్పకముందే అవ్వ గొంతులో సంబరం పొంగుతోంది.

"మంచిగ పండిందా బిడ్డ? ఏడ్వలే గద? నిన్నెవ్వరు ఏమనలే గద?"

జరిగింది జరిగినట్టు చెప్పాను.

"తాళ్లెక్కి కల్లు గీసే ముసలాయన కాలిరిగి పండిండు," అన్నది అవ్వ. "అందుకని దుకాణంల తెచ్చిన. అన్నీ ఒక్కటే అనుకున్న. నీ కోసమే తెచ్చిన బిడ్డా, నువ్వు నలుగుర్ల పరేషాన్ అయితవని. నీకూ గదే ఉగ్గుగిన్నెతోని తాపిన గద. చేన్ల పనుంటె రోజు..."

అక్కడ ఆగిపోయింది. పొద్దుమీకేదాక గట్టు మీద సప్పుడు చేయని ఆ పిల్ల నాకు కనబడింది.

ఆసుపత్రి నుంచి గదికి వచ్చిన రోజు పిల్ల అన్నం తిని, ఆడి ఆడి నిద్రపోయింది. మామూలు నిద్రే. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, ఊపిరి గబగబా ఆడుతోంది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. సరిగానే ఉంది. మళ్లీ లెక్కపెట్టాను. తర్వాత అరికాలు గిల్లాను. ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది.

"ఇప్పుడే గద పండింది, ఎందుకు లేపినవ్?" అన్నాడు నా భర్త, వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి.

"ఏడ్వనీ," అన్నాను.