మగ్గుతో తడిపిన మ్యాట్

మా బోటు ఇప్పటికీ నీళ్ళ మీద నిక్షేపంగా తేలుతోంది. మునిగింది నేను. అదీ సముద్రంలో కాదు, ఒక కరివేపాకు కుండీలో. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. నవ్వడానికి మీకేం పోయింది? మీ ఆవిడ మీ ఇంట్లోనే ఉందిగా!

రెండేళ్ళ క్రితం మాట. ముప్ఫయ్యేళ్ళు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని, యాభై ఆరో ఏట నాకు బుద్ధి పుట్టింది. బుద్ధి అని మర్యాదకి అంటున్నాను. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లోని మా ఇల్లు అద్దెకిచ్చి, ఒక సెకండ్‌హ్యాండ్ తెరచాప బోటు కొని, సిడ్నీకి ఉత్తరాన ఓ ఏటి మలుపులో లంగరేసి అందులోనే కాపురం పెడదామన్నాను.

"గోదావరి నీళ్ళు తాగిన ఒళ్ళు, నాకు బోటు కొత్తా?" అని కోతలు కూడా కోశాను. నిజానికి గోదావరి మీద నేనెక్కింది రేవు దాటించే పంటు ఒక్కటే.

మా ఆవిడ సుజాతకి నీళ్ళంటే హడలు. వారం రోజులు ఆలోచించి చెప్పింది.

"రెండు నెలలు చూస్తానండీ. నాతో బుజ్జిగాడు రావాలి, నా కరివేపాకు రావాలి. బుజ్జిగాడు అక్కడ ఇబ్బంది పడితే మాత్రం ఆ రోజే దిగిపోతాను. మళ్ళీ నన్ను బతిమాలకూడదు."

బుజ్జిగాడంటే మా కుక్క. కరివేపాకంటే ఏడేళ్ళుగా ఆవిడ సాకుతున్న మొక్క. చలికాలం దానికి దుప్పటి కప్పేది. నాకు ఎప్పుడైనా కప్పిందా అని అడక్కండి.

బోటెక్కాం. సుజాత కేబిన్ వదిలి రాలేదు. మహా అయితే వెనక డెక్ దాకా వచ్చి, రెయిలింగ్ పట్టుకుని, ఒడ్డు ఉందో లేదో చూసుకుని వెళ్ళిపోయేది. కుండీని ముందు వైపు, లంగరు దగ్గర, ఎండ తగిలేచోట కట్టాను. దాని పక్కనే బుజ్జిగాడి కోసం ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ పరిచాను. కుక్కలకి ఇట్టే అలవాటైపోతుందని బోటు అమ్మినవాడు చెప్పాడు. వాడి కుక్కకి అయ్యుండొచ్చు.

మావాడు ఆ మ్యాట్ వాసన చూసి, నా మొహం చూసి, వెళ్ళి పడుకున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క పడలేదు. ఒడ్డుకి తీసుకెళదామంటే చుట్టూ నేషనల్ పార్కు, కుక్కల్ని దిగనివ్వరు.

"ఏమండీ, బుజ్జిగాడు పోశాడా?"

"పోస్తాడు, పోస్తాడు."

"మీరు చెప్పింది కాదు, వాడు చేసింది అడుగుతున్నా!"

మర్నాడు పొద్దున్న వాడు వణికిపోతూ లేచాడు. నేను మ్యాట్ మీద నిలబడి, "ఇదుగో నాన్నా, ఇక్కడ" అని బతిమాలుతున్నాను. వాడు నన్ను దాటుకుని వెళ్ళి, కాలెత్తి, సుజాత కరివేపాకు కుండీలో ఏకధాటిగా పోశాడు. స్కోఫీల్డ్స్‌లో వాణ్ణి ఆ మొక్క దరిదాపులకి రానిచ్చేది కాదు సుజాత, చెప్పు తీసుకునేది. ఏడేళ్ళ కసి తీర్చుకున్నాడు వెధవ.

అప్పుడు నేనేం చెయ్యాలి? కుండీ కడిగి, వెళ్ళి నిజం చెప్పాలి. వాడు పోసుకోడానికి మరో మొక్కేదైనా తెచ్చి పెడితే సరిపోయేది. నేనేం చేశాను? మగ్గుడు నీళ్ళు తెచ్చి మ్యాట్ తడిపాను.

"సుజాతా! మ్యాట్ మీద పోశాడోయ్!"

ఆవిడ మెట్ల మీంచి తల పైకెత్తి, తడిసిన మ్యాట్‌ని దూరం నుంచే చూసి, దణ్ణం పెట్టుకుంది. ఆ దణ్ణం చూసి కూడా నాకు సిగ్గు రాలేదు.

ఇక రోజూ అదే తంతు. పొద్దున్నే బుజ్జిగాడు కుండీ తడుపుతాడు, నేను మ్యాట్ తడుపుతాను. సుజాత పుల్లమజ్జిగ గ్లాసిచ్చి, "మొక్కకి పోసి రండి" అంటుంది. అదీ పోస్తాను. ఏ మహిమో గానీ మొక్క గుబురుగా పెరిగింది. "చూశారా నా మజ్జిగ!" అనేది ఆవిడ. ఆ మూడు వారాలు చారు కూడా అమృతంలా ఉండేది. "ఏం కలిపావోయ్?" అంటే, ముసిముసిగా నవ్వి ఊరుకునేది. ఫ్రిజ్‌లో ఇండియన్ షాపు కరివేపాకు ప్యాకెట్ ఉందిగా, అదే అనుకున్నాను.

నాలుగో వారం గర్వం తలకెక్కి, సిడ్నీలోనే గిరావీన్‌లో ఉండే, మాకు పెద్దదిక్కులాంటి డాక్టర్ అంకుల్‌నీ ఆంటీనీ భోజనానికి పిలిచాను. వెనక డెక్ మీద ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాం. పులిహోర, కొబ్బరి పచ్చడి, చారు.

"సుజాతా, కరివేపాకు ఘుమఘుమలాడిపోతోందమ్మా! ఎక్కడ కొన్నావ్?" అంది ఆంటీ.

సుజాత లేచింది. మొహం వెలిగిపోతోంది.

"కొనడమేంటి ఆంటీ, మన చెట్టుదే. ఈయనకీ తెలీదు. మధ్యాహ్నం ఈయన నిద్రపోయాక రోజూ నేనే ముందుకెళ్ళి కోసుకొస్తున్నా. మొదటి రోజు మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను, ఏడుపొచ్చేసింది. ఇప్పుడు చూడండి."

అని, రెయిలింగ్ కూడా పట్టుకోకుండా, ఊగే డెక్ మీద నడుచుకుంటూ ముందుకి వెళ్ళింది నా భార్య. ముప్ఫయ్యేళ్ళలో నేనంత ముచ్చటపడింది లేదు. అంతగా చెమటలు పట్టిందీ లేదు. నోట్లో పులిహోర ముద్ద. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

"మీ ఇంటికి కొంచెం కోసిస్తాను ఆంటీ" అని ఆవిడ వంగింది. ఆవిడ వెనకే తోకూపుకుంటూ బుజ్జిగాడూ వెళ్ళాడు. కాలెత్తాడు.

అందరం చూశాం. చాలాసేపు పోశాడు.

"ఇదేంటి బుజ్జీ! మ్యాట్ ఇక్కడుంటే..." అని సుజాత మ్యాట్ వైపు చూసింది. మ్యాట్ పక్కన మగ్గు. తర్వాత నా వైపు చూసింది.

అంకుల్ గొంతు సవరించుకుని, "నూనెలో వేగింది కదమ్మా, ఏం కాదులే" అన్నారు.

"పచ్చట్లో పచ్చిదేనండీ" అంది ఆంటీ నీరసంగా, ప్లేటు కింద పెడుతూ.

వాళ్ళని ఒడ్డున దింపి వచ్చేసరికి సుజాత బ్యాగు సర్దుకుని కూర్చుంది.

"కడుక్కునే వండావు కదా" అన్నాను. ఇంతకన్నా తెలివితక్కువ మాట ఉంటే మీరే చెప్పండి.

"ఉచ్చ గురించి కాదండీ" అంది. గొంతు కూడా పెంచలేదు. "మీ సరదా కోసం నేను మోకాళ్ళ మీద పాకాను. మీరు నా కోసం మగ్గుతో మ్యాట్ తడిపారు."

ఆ సాయంత్రమే దిగిపోయింది. ఇప్పుడు బుజ్జిగాడితో సహా మెల్‌బోర్న్‌లో, క్రెయిగీబర్న్‌లోని మా అమ్మాయింట్లో ఉంది. మా అమ్మాయి ఫోన్ చేసి, "డాడ్, సీరియస్‌లీ, పీ?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేసింది. రెండుసార్లు వెళ్ళి బతిమాలాను. కాఫీ ఇచ్చింది. రానంది.

కరివేపాకు మాత్రం నాకు వదిలేసింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఒకే మాట అడుగుతుంది.

"మొక్కకి మజ్జిగ పోస్తున్నారా?"

"పోస్తున్నానే."

"వీడియో పంపండి."

పంపుతాను. కుండీ, గ్లాసు, నా చెయ్యి, అన్నీ కనపడాలి.

మగ్గు ముంచనేల, మాట పడనేల? కాబట్టి మహాజనులారా, గంగమ్మ తల్లి సాక్షిగా, చేతిలో పుల్లమజ్జిగ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ మగ్గుతో మ్యాట్ తడపను. తడుపుదామన్నా కుక్క లేదు. తడిపితే నమ్మి దణ్ణం పెట్టుకునే మనిషీ లేదు.