గేటు మీద కాగితం

పెద్దమ్మ పోయిందని మంగళవారం పొద్దున్నే పలాస నుంచి కబురు వచ్చింది. ఉద్దానంలో పుట్టిన మనిషి. ఆ వైపు ఎంతోమందిని తీసుకుపోతున్న కిడ్నీ జబ్బే ఆవిడనూ తీసుకుపోయింది. మా అమ్మకు అక్క. జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు పప్పు మీద పొట్టు తీసింది. చదువు లేదు, సంతకం రాదు. అయినా ఆవిడ గురించి రాయడానికి కూర్చుంటే ఏడుపు కన్నా ముందు గర్వం వస్తోంది. ఏం చేయను?

పదో తరగతి ఇంగ్లీషులో తప్పి నేనూ అదే షెడ్డుకు పనికి వెళ్ళాను. ఆడవాళ్ళం వరసగా కూర్చుని, పప్పు విరక్కుండా చిన్న చాకుతో పొట్టు గీకేవాళ్ళం. ఊరికే కబుర్లాడితే మేస్త్రి కేకలేసేవాడు. కథ చెప్పుకుంటే మాత్రం చేతులు ఆగవని వాడికీ తెలుసు, ఊరుకునేవాడు. కథ చెప్పడం పెద్దమ్మ వంతు.

అప్పుడప్పుడే మా వీధికి కేబులు వచ్చింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలయ్యాక, పెద్దమ్మ మా ఇంట్లో టీవీ ముందు చేరేది. తెలుగు సీరియళ్ళు పెడితే ముఖం తిప్పేసుకునేది. ఇంగ్లీషు ఛానల్లో గుర్రాల మీద తిరిగే దొంగల పాత సీరియల్ ఒకటి వచ్చేది, నలుపు తెలుపుది. దాని పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. పేర్లు పడే వేళకు మేమింకా గిన్నెలు కడుగుతూ ఉండేవాళ్ళం. "మాట తెలీకపోతే ఏటే, మొకం తెలీదేటి?" అనేది పెద్దమ్మ. సోమవారం షెడ్డులో ఆ కథ చెప్పేది, సగం చూసింది, సగం తన సొంతం.

ఒక వారం కథ ఇది. ఇద్దరు దొంగలు దొంగతనం మానేసి ఒక ఊరు చేరతారు. అక్కడ గోడ మీద వాళ్ళిద్దరిలో చిన్నవాడి బొమ్మతో ఒక కాగితం, కింద ఏదో అంకె. హోటలు నడిపే ముసలావిడ వాళ్ళిద్దరికీ భోజనం పెట్టి, బయటికెళ్ళి ఆ కాగితం చింపి పొయ్యిలో వేసేస్తుంది. అంతలో అక్కడి పోలీసాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మాకు కరెంటు పోయింది.

మర్నాడు షెడ్డులో పెద్దమ్మ మొదలుపెట్టింది. "ఆ కుర్రోడు ఓట్లకి నిలబడ్డాడర్రా. గోడ మీద ఫొటో, కింద నెంబరు. ముసిల్దేమో అవతలి పార్టీ మనిసి. సింపీసింది!"

మా గోడల నిండా అప్పుడు ఓట్ల కాగితాలే. అందరూ నమ్మేశారు. నేను ఊరుకున్నానా?

"ఓట్లు కాదు పెద్దమ్మా! ఆడు దొంగ. పట్టిత్తే డబ్బులిత్తామని ఏసిన కాయితం అది."

షెడ్డంతా గొల్లున నవ్వింది. పెద్దమ్మ చిన్నబుచ్చుకోలేదు. చాకు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అయితే దొంగని తెలిసే కూడెట్టిందేటే ఆ ముసిల్ది?"

"ఆఁ."

"ఆడు మానీసినా కాయితం అలాగే ఉంటాదా?"

"పట్టుబడేదాకా ఉంటాది."

"అయితే ఎవులో ఒకలు సింపాల," అని మళ్ళీ చాకు అందుకుంది.

ఆ వానాకాలంలో, సాయంత్రం గేటు దగ్గర సోదా చేస్తుంటే, మా వరసలో ఒకావిడ కేరియర్లో గుప్పెడు జీడిపప్పు దొరికింది. జబ్బుపడి లేచిన కూతురు అడిగిందట. తానే ఒప్పుకుంది, పని పోయింది. మర్నాటికి ఆవిడ ఫొటో జెరాక్సు తీసి, 'ఈమె దొంగ, పని ఇవ్వరాదు' అని రాసి గేటుకు అంటించారు. మిగతా ఫ్యాక్టరీలకూ పంపుతామన్నారు. అదే జరిగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పొట్టు తీయడం తప్ప ఆవిడకు వేరే పని తెలియదు.

మేమంతా తలలు దించుకుని ఆ కాగితం పక్కనుంచే లోపలికి నడిచాం. నేనూ నడిచాను, దాచేదేముంది. పెద్దమ్మ ఆగిపోయింది. సీసాలో తాగే నీళ్ళు కాగితం మీద పోసి, పొట్టు తీసే చాకుతోనే అంచునుంచి గీకడం మొదలుపెట్టింది. పప్పు మీద పొట్టు తీసినంత నిదానంగా.

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "ఏటి సేత్తన్నావు? పని ఉండాలా, అక్కర్లేదా?"

"తప్పు సేసింది, ఒప్పుకుంది, పని తీసీసినారు. మరింక మొకం గేటుకేల?"

"నిన్నూ తీసెత్తారు!"

"తీసీమను. నా ఫొటో కూడా అంటించు. ముందే సెప్పు, మంచి సీర కట్టుకొని దిగుతాను."

మాకు నవ్వాగలేదు. ఆ నవ్వుతో భయం కూడా పోయింది. యజమాని వచ్చేదాకా ఒక్కరమూ పనిలో కూర్చోలేదు. ఆయన కారు దిగగానే పెద్దమ్మ ఎదురెళ్ళింది.

"దాన్ని నా పక్కన కూకోబెట్టు బాబూ. దాని సేతులకి నాను పూచీ."

ఆయన మా అందరి ముఖాలూ చూశాడు. "నీ పూచీయే, గుర్తెట్టుకో," అని లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ ఆ కాగితాన్ని జీడిపిక్కలు కాల్చే పొయ్యిలో వేసి, కాలిపోయేదాకా నిలబడి చూసింది. పెద్దమ్మ పని మానేసేదాకా ఆ మనిషి ఆవిడ పక్కనే కూర్చుంది. మళ్ళీ ఒక్క జీడిపలుకు పోలేదు.

నా చేత పదో తరగతి మళ్ళీ కట్టించింది కూడా పెద్దమ్మే. "ఆ ముక్క నువ్వు సెప్పకపోతే నాను ఓట్లనే అనుకుందును. పోయి సదువుకో," అంది. ఈ రోజు నందిగాంలో పిల్లలకు పాఠం చెబుతున్నానంటే అది ఆవిడ చలవ. ఆ కథలో పోలీసాయన చివరికి ఏం చేశాడో మాకు తెలియనే లేదు. అడిగితే, "ఏటి సేత్తాడు? ముసిల్ది కూడెట్టుంటాది, తినీసి ఎల్లిపోనాడు," అనేది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు ఫ్యాక్టరీ వైపు వెళ్ళాను. గేటు మీద, సరిగ్గా అదే చోట, పెద్దమ్మ ఫొటోతో నివాళి కాగితం అంటించారు. మంచి చీర కట్టుకుని, ఓట్లకు నిలబడినట్టే నవ్వుతోంది. గాలికి ఒక మూల ఊడి కొట్టుకుంటోంది. అప్పుడు పెద్దమ్మ పూచీ పడ్డ ఆ మనిషి, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది, పనికి వస్తూ దాని ముందు ఆగింది. కేరియర్ విప్పి నాలుగు మెతుకులు తీసి, వేళ్ళతో మెదిపి ఆ మూలకు రాసింది. అది ఆరేదాకా అరచేత్తో అదిమి పట్టుకుని అక్కడే నిలబడింది.