చెరువుకు అన్న కుదిరిన ఏడు

ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చిందంటే గౌనసంద్రం కోడళ్ళందరూ మూటలు కట్టుకొని పుట్టిళ్ళకు పోతారు. పచ్చయమ్మ మాత్రం చెరువుకు పోతుంది.

ఇది ఆమె పెళ్ళయిన ఏడాది నుంచీ నడుస్తున్న తంతు. పచ్చయమ్మకు ఊహ తెలియక ముందే అమ్మానాన్నా పోయారు. ఊత్తంగరైలో అవ్వ పెంచింది. మెడలో మూడు ముళ్ళు పడడం చూసి, ఇంక నా పని అయిపోయిందన్నట్టు ఆ అవ్వా పోయింది. అన్నదమ్ములు లేరు. మొదటి ఆడికి వీధిలో కోడళ్ళు బస్సులెక్కుతుంటే ఈ కొత్త కోడలు గడపలో కూర్చొని కాలి వేళ్ళు చూసుకుంటోంది. అత్త తిమ్మమ్మ నోరు గట్టిదే కానీ మనసు అంత గట్టిది కాదు. క్యారియరులో చిత్రాన్నం పెట్టి చేతికిచ్చి, "పోవే, చెరువు కాడ పొద్దు గూకేదాకా కూచోని రా. అదే నీ పుట్టిల్లు అనుకో" అంది.

పచ్చయమ్మ నిజంగానే అనుకుంది. నీళ్ళు నిండినప్పుడు పొర్లిపోయే రాతికట్టు ఒకటుంది, మొరవ అంటారు. ఆ మొరవ మీద కూర్చొని సగం చిత్రాన్నం తను తిని, సగం చేపలకు వేసి, నోటికొచ్చిన పాట పాడి, ఒక కునుకు తీసి ఇంటికొచ్చింది. అప్పటి నుంచీ ప్రతి ఆడికీ అంతే. కొళాయి దగ్గర పక్కింటి మంజులమ్మ ఎగతాళిగా అడిగేది: "ఏం తెచ్చినావే పుట్టింటి నించి?"

"రెండు చేపలు, ఒక జలుబు" అనేది పచ్చయమ్మ. అని, ఎవరూ నవ్వకముందే తనే నవ్వేది. ఆ నవ్వు ఉద్దనపల్లి రోడ్డు దాకా వినిపిస్తుందని ఊళ్ళో పేరు. ఒకసారి చావింట్లో కూడా ఆగలేక నవ్వేసి, తర్వాత శవం దగ్గరికెళ్ళి చేతులు జోడించి క్షమించమని అడిగిన మనిషి ఆమె.

ఇక ఊరి పేరు సంగతి. సముద్రం చూడాలంటే ఇక్కడి నుంచి రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా మన పూర్వులు గుంటెడు నీళ్ళు కనిపిస్తే సంద్రం అని పేరు పెట్టేసేవాళ్ళు, వాళ్ళ ఆశ అంతటిది. ఆ పేరును నిజమని నమ్మింది ఒక్క అపార్ట్‌మెంట్ల కంపెనీ. చెరువు అంచున మెరక మీద, మొరవ పక్కనే పెద్ద బోర్డు నిలబెట్టింది. దాని మీద నీలి సముద్రం, కొబ్బరిచెట్లు, గొడుగు కింద నల్లకళ్ళద్దాలతో పడుకున్న తెల్లామె. వెనకాల పద్దెనిమిదేసి అంతస్తుల మేడలు నాలుగు.

మూకండపల్లి ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా ఉన్న మొగుడు మునివెంకటప్ప ఇవి సముద్రం ఒడ్డు ఇళ్ళంట అని బోర్డు కూడబలుక్కొని చదివి చెప్పేసరికి పచ్చయమ్మ గట్టు మీద చతికిలబడి నవ్వింది. "మన హోసూరుకు సముద్రం వచ్చేసిందా! ఆయమ్మ ఎవరబ్బా, దోమలకు భయపడకుండా పండుకోనుంది?"

మేడలు ఎక్కడ లేస్తాయో తెలిశాక మాత్రం ఆ నవ్వు ఆగింది. చెరువు నిండితే నీళ్ళు పరుచుకునే మెరక మీద రెండు మేడలు, మొరవ కాలువ మీద ఇంకో రెండు. తన రెండావులకు గడ్డి కోసుకునేది అక్కడే. కాలువ మూస్తే నీళ్ళు నేరుగా వాళ్ళ మొరవ వీధిలోకి వస్తాయి. అవన్నీ అందరి బాధలు. పచ్చయమ్మకు ఇంకోటి ఉంది, అది ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మొరవ రాళ్ళు పోతే, వచ్చే ఆడికి తను ఎక్కడికి పోవాలి?

ఊరు ఊరుకోలేదు. అర్జీలు పెట్టింది. ఈసారి ఎలాగైనా ప్రెసిడెంటు కావాలని ఉవ్విళ్ళూరుతున్న మునిరాజ్ పాత గొడుగు గుడ్డ చింపి నల్లజెండాలు కూడా కుట్టించాడు. కంపెనీ ఒకే మాట మీద నిలబడింది: ఆ మెరక మీదికి నీళ్ళు రావు, రాలేదు, అది పొడి నేల. ఏం చెప్తారు దానికి? చెరువు నిండి ఏళ్ళయిన మాట నిజం. కుర్రకారులో మొరవ పారడం చూసినవాళ్ళే లేరు.

అప్పుడు పట్టింది వాన. ఆ ఏడు హోసూరు మీద మేఘానికి ఏం కోపమో, ఏం ప్రేమో, దసరా దాటినా వదలలేదు. ఒక తెల్లవారి మునివెంకటప్ప డ్యూటీ దిగి సైకిలు మీద వస్తూ వీధి మొదట్లోనే కేకేశాడు: "మొరవ పారతా ఉండాదే!"

గౌనసంద్రంలో మొరవ పారితే ఒక వాడుక ఉంది. చెరువును ఆ రోజు ఊరి ఆడబిడ్డ అంటారు. ఆడబిడ్డకు అన్న ఉండాలి గదా. కాబట్టి మొరవ వీధి పెద్దకోడలు పసుపు తువ్వాలు పట్టుకొని, కళ్ళు మూసుకొని కట్ట చివర నిలబడుతుంది. పారే మొరవను మొట్టమొదట దాటి వచ్చిన మగవాడి తలకు ఆ తువ్వాలు కడుతుంది. తోబుట్టువును ఎవరూ ఎంచుకోరు కాబట్టి కళ్ళు తెరవకూడదు. కట్టించుకున్నవాడు ఆ క్షణం నుంచీ చెరువుకు అన్న. రెండు బాధ్యతలు అతనికి. వచ్చే ఆడికి చెల్లెలికి చీర పెట్టాలి. ఆ ఏడాదంతా ఎవరడిగినా, ఎక్కడ అడిగినా, చెల్లెలు ఎక్కడిదాకా వచ్చిందో తన ఒంటి మీద తాకి చూపించాలి. చీలమండ దాకానా, మోకాటి దాకానా, ఎంతుంటే అంత. అబద్ధం చూపిస్తే చెరువు అలిగి మళ్ళీ నిండదని తిమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ బెదిరించేది.

తిమ్మమ్మ పోయాక పెద్దకోడలు పచ్చయమ్మే. వాడుక ప్రకారం కళ్ళు మూసుకునే నిలబడింది, కానీ ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు. వచ్చేది మునిరాజే. తెల్లచొక్కా వేసుకొని, ఫోటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకొని అవతలి గట్టున తయారుగా ఉన్నాడు. పలక డప్పులు మోగాయి. మునిరాజ్ ఠీవిగా కాలు పెట్టాడు. నాచు ఊరుకుంటుందా? సర్రున జారి, తెల్లచొక్కాతో సహా కాలువలో కూర్చున్నాడు.

అదే సమయానికి ఆ పక్క నీళ్ళల్లోంచి ఇంకో మనిషి మొరవ మీదికెక్కి పరుగులాంటి నడకతో దాటేశాడు. పచ్చయమ్మకు అడుగుల చప్పుడు వినపడింది. చేతికందిన తలకు బిగించి తువ్వాలు కట్టింది. పలకలు ఠక్కున ఆగిపోయాయి.

కళ్ళు తెరిచింది. ఎదురుగా ఎప్పుడూ చూడని మనిషి, మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చంకలో, విరిగిన బోర్డు ముక్క మీద, నల్లకళ్ళద్దాల తెల్లామె ఉంది. కంపెనీ సైటు ఇంజనీరు ప్రసాదు అతను. కాకినాడ నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాడు. బోర్డు నీళ్ళలో తేలిపోతుంటే ఉద్యోగం కూడా దానితో తేలిపోతుందని భయపడి, దిగి లాక్కొస్తున్నాడు పాపం.

"విప్పమ్మా, విప్పు! ఆయప్ప కంపెనీ మనిషి!" కాలువలోంచి మునిరాజ్ అరిచాడు.

"కట్టినాక విప్పేదానికి ఇదేమన్నా గోచీనా? వచ్చింది ఆయప్పే. అన్న అంటే అన్నే" అంది పచ్చయమ్మ. ఆపైన ఆగలేకపోయింది. తెల్లామెను చూసి నవ్వింది, మునిరాజ్‌ను చూసి నవ్వింది, పసుపు కారుతున్న ఇంజనీరును చూసి పొట్ట పట్టుకొని నవ్వింది. ఒక్కొక్కరుగా ఊరంతా నవ్వింది.

"ఏమిటండీ ఇది? నేనేం చేశానండీ?" అని ప్రసాదు బిక్కమొహం వేశాడు. మంజులమ్మ దగ్గరికొచ్చి వాడుకంతా విడమరిచి చెప్పింది. అప్పుడు పచ్చయమ్మ అడగాల్సిన మాట అడిగింది: "ఏమప్పా అన్నా, నీ చెల్లెలు యాడిదాకా వచ్చింది?"

ప్రసాదు సిగ్గుపడుతూ తన ఒళ్ళు చూసుకున్నాడు. ప్యాంటు తడిసిన గీత స్పష్టంగానే ఉంది. నడుము తాకి చూపించాడు. పలకలు మళ్ళీ మోగాయి.

ఆ రోజు నుంచీ అతనికి ఊరట లేదు. టీ కొట్టు దగ్గర అడిగారు, నడుము తాకాడు. హోసూరు బస్సులో కండక్టరు అడిగాడు, నిలబడే నడుము తాకాడు. మంగలి కుర్చీలో సగం గడ్డం గీసి అడిగారు. మొదట విసుక్కున్నాడు, తర్వాత అడగకపోతేనే వెలితిగా చూసేవాడు. కాకినాడలో వాళ్ళమ్మ ఫోనులో సంగతంతా విని, "నవ్వుతావేంట్రా? చెల్లెలంటే మాటలా? చీర పెట్టకపోతే ఊరుకోను" అని గట్టిగా చెప్పిందట.

తరువాత సభ వచ్చింది. జనం అభిప్రాయం వినడానికి కృష్ణగిరి నుంచి తమిళ్‌సెల్వి అనే ఆఫీసరమ్మ వచ్చి కల్యాణ మండపంలో కూర్చుంది. ఊరంతా చాపల మీద, కంపెనీవాళ్ళు కుర్చీల్లో. బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దాయన తెర మీద రంగురంగుల పటాలు చూపించి, "ఆ నేల మీదికి నీళ్ళు రాలేదు మేడమ్. మా సైటు ఇంజనీరునే అడగండి" అన్నాడు.

ప్రసాదు లేచాడు. చేతిలో కంపెనీ రాసిచ్చిన కాగితం ఉంది. ఆ కాగితం చదివితే మొరవ పోయినట్టే. మునిరాజ్ కళ్ళతోనే వద్దంటున్నా పచ్చయమ్మ చాప మీంచి లేచింది. మామూలుగా ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఆ పూట మాత్రం మెల్లగానే అడిగింది.

"ఏమప్పా అన్నా, నీ చెల్లెలు యాడిదాకా వచ్చింది?"

ప్రసాదు పెద్దాయన వైపు చూశాడు. కాగితం చూశాడు. కుడిచెయ్యి కదిలింది, మెల్లగా పోయి నడుము మీద నిలిచింది.

"ఎన్నదు ఇదు?" ఏమిటిదని ఆఫీసరమ్మ తమిళంలో అడిగింది.

"నీళ్ళండి, మేడమ్. ఆ మెరక మీద మా బోర్డు ఉన్నచోటే నా నడుము దాకా వచ్చాయండి. నేనే దిగి బోర్డు లాక్కొచ్చానండి" అన్నాడు ప్రసాదు.

ఎవరో పక్కనుంచి ఆ మాట తమిళంలో చెప్పేలోపే ఆమెకు అర్థమైపోయింది. మండపం ఈలలతో, చప్పట్లతో అదిరిపోయింది. ఒక అవ్వ చాప మీద నుంచి లేచి చిందు కూడా వేసింది. తమిళ్‌సెల్వి ఫైలు అడ్డం పెట్టుకొని నవ్వు దాచుకుంది. ఆ ఫైలు దించి, చెరువు హద్దు మళ్ళీ కొలిచేదాకా ఒక్క ఇటుక కూడా పడకూడదని రాయించింది. కొలత అయ్యాక బోర్డు మళ్ళీ కనపడలేదు.

అలవాటు మీద చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయిందని మునిరాజ్ ఇప్పటికీ కొట్టిపారేస్తాడు. పచ్చయమ్మ ఒప్పుకోదు. "చెయ్యి అలవాటు మీద పోయింటాది. నోరు పోలేదు గదప్పా" అంటుంది.

ఆ తర్వాత ప్రసాదు కనిపించలేదు. ఉద్యోగం ఊడిందని మునివెంకటప్ప విని వచ్చాడు. పచ్చయమ్మకు ఆ పూట అన్నం దిగలేదు. తనకు పుట్టిల్లు నిలబెట్టి అతను వీధిన పడ్డాడే అని కుమిలిపోయింది.

ఆడి వచ్చింది. కోడళ్ళు బస్సులెక్కారు. పచ్చయమ్మ చిత్రాన్నం క్యారియరు పట్టుకొని మొరవకు పోయింది. చెరువు నిండుగానే ఉంది. "ఆయప్ప రాడులే, ఎదురు చూడాకు" అని మొగుడు ముందే చెప్పాడు. ఎవరు ఎదురు చూశారు? తను చూస్తున్నది ఆవుల కోసం. ఆవులు పక్కనే మేస్తున్నా మాటిమాటికీ రోడ్డు వైపే చూసింది.

ఎండ వాలుతుండగా స్కూటరు వచ్చి ఆగింది. ప్రసాదే, కాస్త ఒళ్ళు చేశాడు. "మూకండపల్లిలో ఫ్యాక్టరీలో చేరానండీ. మీ ఆయనున్న ఫ్యాక్టరీ కాదు, దాని పక్కది" అన్నాడు. సంచిలోంచి పసుపు చీర తీసి, నీళ్ళలోకి దిగి, చెల్లెలికి పెట్టాడు. చీర విచ్చుకొని తేలుతూ పోయింది. గట్టెక్కి సంచిలో మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి చిలకపచ్చ చీర, గులాబీ అంచు.

"ఇదెవరికప్పా?"

"మీకేనండీ. చెల్లికి పెట్టి, తువ్వాలు కట్టిన అక్కకు పెట్టకుండా వస్తావా అని మా అమ్మ తిట్టిందండీ."

పచ్చయమ్మ చీర అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ రంగు కట్టుకొని పోతే చిలకలొచ్చి నెత్తిన వాల్తాయి గదప్పా!" అని నవ్వింది. నవ్వుతూనే ఉంది, కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. తుడుచుకోవడానికి కొత్త చీర వాడడం ఇష్టం లేక అలాగే వదిలేసింది. ఆ ఏడు చేపలకు వేసే సగం చిత్రాన్నం ప్రసాదు తిన్నాడు.

పొద్దు గూకాక చిలకపచ్చ చీర కట్టుకొని కొళాయి దారినే ఇంటికొచ్చింది. ఆ పూటే పుట్టినూరి నుంచి దిగిన మంజులమ్మ బిందె పెట్టి, వెనక్కి తిరగకుండానే అలవాటు కొద్దీ అడిగింది: "ఏం తెచ్చినావే పుట్టింటి నించి?"

చేపలూ జలుబూ పచ్చయమ్మ నోటి దాకా వచ్చి ఆగాయి. కొంగు ముందుకు లాగి, రెండు చేతులతో పరిచి పట్టుకుంది.

"చీర" అంది. "మా తమ్ముడు పెట్టినాడు."