వాగు ఎండిన నెలలో బిగించిన గాలి గొట్టం

1991 ఏప్రిల్‌లో నన్ను ఇల్లందు నుంచి భద్రాచలం వాహన మరమ్మతు షెడ్డుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. దవాఖానా జీపు మూలపడటంతో అడవి గ్రామాలు తిరిగే డాక్టరు గారు తన సొంత చిన్న కారునే వాడుతున్నారు. ఆయన డ్రైవర్ ముత్తయ్య ఆ గ్రామాలవాడే. ఎర్రదుమ్ముకు కాగితపు ఎయిర్ ఫిల్టర్ వారంలో మూసుకుపోతోందని, ఎండలో కారు గుట్ట ఎక్కడం లేదని ఇద్దరూ చెప్పారు.

బజారులో రెండు రకాలు దొరికాయి. ఒకటి పాత డబ్బాలోనే పట్టే పెద్ద ఫిల్టర్. బానెట్ కింద, పైభాగాన గాలి పీలుస్తుంది. రెండోది నూనెతో తడిపి, కడిగి వాడుకునే స్పాంజి ఫిల్టర్. దాని గొట్టం ముందు బంపర్ వెనక్కి దిగుతుంది. అక్కడ ఇంజిన్ వేడి తగలని చల్లగాలి అందుతుంది కనుక లాగుడు పెరుగుతుంది. రెండోదే ఎంచుకున్నాను.

బిగిస్తుంటే ముత్తయ్య నవ్వాడు. "ఏంది సారూ, దీని ముక్కు గింత కిందికి పెట్టిండ్రు? అడవిపంది లెక్క నేల వాసన చూసుకుంట పోతదా?"

"పంది లెక్కనే గుట్ట ఎక్కుతది, చూడు" అన్నాను.

ట్రయల్‌కు అతని ఊరిదాకా వెళ్లాం. గుట్ట మూడో గేరులోనే ఎక్కింది. దారిలో వాగును పొడి ఇసుక మీదుగా దాటాం. "దుమ్ము బాధ తీరింది, లాగుడు బాగుంది" అని డైరీలో రాసుకున్నాను. వాగు గురించి ఒక్క మాట లేదు.

ఆగస్టులో ముత్తయ్య భార్యకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు గారు కారిచ్చి పంపారు. ఆమెను తీసుకొస్తుండగా వాగులో మోకాలి లోతు నీళ్లు. కిందటేడు పాత ఫిల్టర్‌తో అంత లోతులోనే ఆ కారు దాటింది. ఈసారి గొట్టం నీళ్లు పీల్చింది. సిలిండర్‌లో గాలి అణుగుతుంది, నీరు అణగదు. పిస్టన్‌ను ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగి, ఇంజిన్ నడివాగులో బిగుసుకుపోయింది.

ఊరివాళ్లు ఆమెను మంచం మీద మోసుకుని దవాఖానాకు చేర్చేసరికి సాయంత్రమైంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. రెండు గంటల ముందు వస్తే దక్కేదని డాక్టరు గారు నాతో చెప్పారు, ముత్తయ్యతో చెప్పలేదు.

ఇంజిన్ విప్పుతుండగా ముత్తయ్య వచ్చాడు. తప్పు నాదేనన్నాను.

"నేను గూడ చెప్పలే గద సారూ. ఎండకాలంల వాగు యాదికే రాదు" అన్నాడు. పంది మాట ఇద్దరం ఎత్తలేదు.

పాత డబ్బానే తిరిగి బిగించాను. ఆ తర్వాత రిటైరయ్యేవరకు, గాలి గొట్టం మార్చే ప్రతి బండి జాబ్ కార్డులో ఒక ప్రశ్న రాయించాను: వానాకాలంలో ఈ బండి ఏ నీళ్లు దాటుతుంది? డ్రైవరు జవాబు విని, ఒడ్డు రాళ్ల మీది నీటి మరకను టేపుతో కొలిచాకే గొట్టం ఎత్తు నిర్ణయించేవాణ్ణి. ఎండాకాలంలో చేసిన ట్రయల్ ఎండాకాలానికే చెల్లుతుంది.