కుండ మీద అగ్గిపుల్ల

2023 వేసవి. మహబూబాబాద్‌లోని ఒక పీజీ కళాశాలలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఎమ్మెస్సీ ఫైనలియర్‌లో జ్యోతి అనే అమ్మాయి ఉండేది. దగ్గరి తండా నుంచి రోజూ ఆటోలో వచ్చేది. ఇంట్లో లంబాడీ, క్లాసులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. అయినా ప్రశ్నలతో నన్ను సతాయించడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఒకరోజు క్లాసయ్యాక స్టాఫ్‌రూముకు వచ్చి నిలబడింది.

"సార్, రేపటి సంది రాను. ఊళ్లె బడిల టీచర్ కొలువున్నదట. అన్న మాట్లాడిండు."

"ఇంకొక్క సెమిస్టరే గద బిడ్డా! ఏమైంది?"

"గీ జియోమెట్రిక్ ఫేజ్ నా బుర్రకెక్కుతలేదు సార్. ఇన్నేండ్లు బట్టీ కొట్టి పాసైన. నాకు ఫిజిక్స్ రాదని గిప్పుడు తెలిసింది."

క్వాంటమ్ కణాన్ని ఒక అలగా రాస్తాం. ఆ అల తన ఊపులో ఎక్కడి దాకా వచ్చిందో చెప్పే కోణమే ఫేజ్. కణం చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం దిశను మెల్లగా తిప్పి మళ్లీ మొదటి దిశకే తెస్తే, కణం స్థితి కూడా మొదటికే వస్తుంది. గడిచిన కాలం వల్ల చేరిన ఫేజ్‌ను లెక్కలోంచి తీసేసినా ఇంకా కొంత మిగులుతుంది. అదే జియోమెట్రిక్ ఫేజ్.

"ఏడ మొదలువెట్టినమో ఆడికే వచ్చినంక మిగులుడేంది సార్? నడుమ దాన్ని ఎవలు తిప్పిన్రు?"

నాకు ముచ్చటేసింది. బట్టీ కొట్టేవాళ్లకు ఈ అనుమానం రాదు. ఎండాకాలానికని కొన్న కొత్త కుండ ఒకటి ఇంకా నీళ్లు పోయకుండా మూలన ఉంది. దాన్ని బల్ల మీద బోర్లించి, జ్యోతికి ఒక అగ్గిపుల్ల ఇచ్చాను.

"కుండ నెత్తి మీద పెట్టు. పుల్ల తల కిటికీ దిక్కుండాలె. అదే దిక్కు కుండ నడుము దాక దించు. ఆడికెళ్లి తలుపు దిక్కుకు పావు చుట్టు జరుపు. మల్ల పైకి తీస్కరా. పుల్లను మాత్రం ఏడ గూడ మెలి తిప్పొద్దు."

ఊపిరి బిగబట్టి జరిపింది. పైకి వచ్చేసరికి పుల్ల తల తలుపు వైపు ఉంది.

"నా చెయ్యి వంకర పోయింది, జర ఆగుండ్రి సార్."

మళ్లీ చేసింది. మళ్లీ తలుపు వైపే. చదునైన బల్ల మీద చుట్టి తెస్తే మాత్రం పుల్ల ఇసుమంతైనా తిరగలేదు. జ్యోతి కళ్లు పెద్దవయ్యాయి.

"తిప్పింది నేను గాదు సార్. కుండ గుండ్రం!"

"గంతే. ఎంత జల్ది వచ్చినవని గాదు, ఎంత జాగను చుట్టొచ్చినవన్నదే లెక్క. కణంల స్పిన్ అనే చిన్న అయస్కాంతం ఉంటది, అది సూసే దిక్కులు గూడ గిసొంటి గోళం మీదనే ఉంటయి. పుల్ల తిరిగినట్టే దాని ఫేజ్ గూడ మారుతది."

అంతలోనే మొహం ముడుచుకుంది. "మరి ఫేజ్‌ను మనం కొట్టేస్తం గద సార్? మారిందని ఎట్ల తెలుస్తది?"

లెక్కల చివర సంభావ్యత తీసేటప్పుడు ఫేజ్‌ను కొట్టేసి కొట్టేసి, అది ఉత్తదేనని మా విద్యార్థులంతా అనుకుంటారు. నేను నోరు తెరిచేలోపే జ్యోతి ఇంకో పుల్ల తీసి కిటికీ వైపు పెట్టి ఉంచింది. మొదటిదాన్ని చుట్టూ తిప్పి తెచ్చి దాని పక్కన చేర్చింది.

"ఒకటి ఈడనే ఉండాలె, ఒకటి తిరిగి రావాలె. గప్పుడు రెండిట్ని కలిపి చూడాలె!"

నా ఒళ్లు గగుర్పొడిచింది. పెద్ద పెద్ద ల్యాబుల్లో కణాల ధారను రెండు దారులుగా చీల్చి, మళ్లీ కలిపి ఫేజ్‌ను కొలిచే ఇంటర్‌ఫియరెన్స్ పద్ధతి అదే. నేనింకా చెప్పనేలేదు.

"సార్, గీ కుండ తీస్కపోత. అన్నకు సూపియ్యాలె. చదువైనంకనే కొలువని చెప్త."

కుండను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లిపోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి తమకు ఫిజిక్స్ రాదంటే నేను ధైర్యం చెప్పను. ఏ మెట్టు దగ్గర నమ్మబుద్ధి కావడం లేదో చూపించమంటాను. సరిగ్గా ఆ మెట్టు మీద వేలు పెట్టారా, వాళ్లకు ఫిజిక్స్ వచ్చినట్టే.